ముందు టిప్ నంబరు తేల్చుకో, మిషన్ సంగతి తర్వాత

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. కావలిలో ఆరుగురు మనుషుల్ని పెట్టుకుని పెయింటింగ్ చేయిస్తున్నావు, జిప్సం సీలింగులు కూడా పట్టుకుంటున్నావు. ఇప్పుడు ఒంగోల్లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు పని వచ్చింది. ఎయిర్‌లెస్ మిషన్ (గాలి కలపకుండా పంపు ఒత్తిడితోనే పెయింటు చిమ్మేది) కొందామనుకుంటే షాపతను "ఈ ఒక్క దాంతోనే ప్రైమరు, ఎమల్షను, లప్పం, ఎనామిలు అన్నీ కొట్టుకోవచ్చు" అన్నాడు. నిజమేనా, ఏది కొనమంటావన్నా అని.

నాది కందుకూరు. బ్రష్ పట్టి ఇరవై రెండేళ్లు, ఎయిర్‌లెస్ గన్ పట్టి తొమ్మిదేళ్లు. మొదటి మిషన్ తప్పుది కొన్నాను కాబట్టి నీకు చెప్పే అర్హత కాస్త ఉందనుకుంటా.

షాపతను అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. ఆ మిగతా సగం టిప్‌లో, అంటే గన్ చివర పెయింటు చిమ్మే చిన్న ముక్కలో ఉంది. మనవాళ్లు మిషన్ కొనేటప్పుడు మోటారు ఎన్ని వాట్లు, ప్రెషర్ ఎంత అని అడుగుతారు. ప్రెషర్ దాదాపు అన్నిటికీ ఒకటే, 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని ఒత్తిడి కొలత) అటూ ఇటూ. చూడాల్సింది అది కాదు. ఎంత పెద్ద కంత ఉన్న టిప్‌ని ఆ పంపు ఆగకుండా మేపగలదు అన్నది చూడాలి.

టిప్ మీద 517 అని ఉందనుకో. మొదటి అంకెని రెండుతో గుణించు, 10 వస్తుంది. గోడకి అడుగు దూరంలో గన్ పడితే పది అంగుళాల వెడల్పు పట్టీ పడుతుందని అర్థం. చివరి రెండంకెలు కంత సైజు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. 17 అంటే 0.017 అంగుళం, అర మిల్లీమీటరు కూడా లేదు. 317 అన్నా కంత అదే, కాకపోతే పట్టీ ఆరంగుళాలే. అంతే పెయింటు తక్కువ వెడల్పులో పడుద్ది కాబట్టి చెయ్యి ఆలస్యమైతే కారిపోద్ది. ఇంత చిన్న సంగతి తెలియక నేను మొదటి నెల 311తో హాలు గోడలు కొట్టాను. సాయంత్రానికి భుజం పట్టేసింది, గోడ మీద ఇస్త్రీ మడతల్లాగా చారలు.

ఇప్పుడు అసలు లెక్క. కంపెనీలు టిప్‌లకి ఇచ్చే పట్టికలు నీటితో 2000 పీఎస్‌ఐ దగ్గర కొలిచినవి. ఆ లెక్కన 15 కంత నిమిషానికి 0.91 లీటరు వదుల్తుంది, 17 అయితే 1.17, 21 అయితే 1.78. ఇక్కడి దాకా పెయింటు పని. 31కి పొయ్యేసరికి నిమిషానికి 3.9 లీటర్లు, 35కి దాదాపు 5. అంటే 17 నుంచి 35కి పోతే కంత రెండింతలే అయింది, కానీ పంపు మీద పడే బరువు నాలుగింతలు దాటింది. లప్పానికి, జాయింట్ కాంపౌండ్‌కి (జిప్సం బోర్డుల అతుకులు పూడ్చే ముద్ద) కావాల్సింది ఈ 31, 35 సైజులే, ఇంకా పెద్దవీ ఉంటాయి. నీకు చూపించిన మిషన్ మీద గరిష్ఠ టిప్ 0.021 అని రాసుంటే, "లప్పం కూడా కొట్టుకోవచ్చు" అన్న మాట అక్కడితో అయిపోయింది.

అరిగే సంగతి కూడా ఇక్కడే చెప్తా. టిప్ గట్టి టంగ్‌స్టన్ కార్బైడ్, అయినా పెయింటులోని పొడి దాన్ని రోజూ నాకేస్తుంటుంది. 517 అరిగి అరిగి 21 కంత అయితే పెయింటు సగం ఎక్కువ పోతుంటుంది, పైగా పట్టీ పదంగుళాల నుంచి ఏడెనిమిదికి కుంచించుకుపోద్ది. ఓనరు పెయింటు డబ్బాలు లెక్కపెట్టి నిన్ను అనుమానంగా చూసేది అప్పుడే. అందుకే కొత్త టిప్ పెట్టిన రోజే ఒక అట్టముక్క మీద ఒక్క పట్టీ కొట్టి టేపుతో కొలిచి, తేదీ వేసి దాచుకో. వెడల్పు పావు వంతు తగ్గిన రోజు టిప్ పారెయ్యి. మిషన్ కొనేటప్పుడూ ఇదే చూసుకో. నువ్వు వాడే టిప్ 17 అయితే కనీసం 21 దాకా పంపగలిగేది తీసుకో. అరిగిన టిప్‌తో కూడా ప్రెషర్ పడిపోకూడదు కదా.

నీ పనికి టిప్‌లు ఇలా అనుకో. లోపలి గోడలకి ప్రైమరు, ఎమల్షను 515 లేదా 517. బయటి గోడలకి 519, పెయింటు చిక్కగా ఉంటే 521. తలుపులు, గ్రిల్లులకి ఎనామిలు అయితే 209 నుంచి 311 మధ్యలో. వీటన్నిటికీ నిమిషానికి రెండు లీటర్ల దరిదాపు పిస్టన్ పంపు చాలు. చేత్తో పట్టుకునే బుడ్డి మిషన్లు ఉంటాయి చూడు, అవి కిటికీ తలుపులకి ముద్దుగా ఉంటాయి గానీ 40 ఫ్లాట్లకి పనికిరావు.

ఇక లప్పం. దీని మీద కాస్త ఎక్కువ చెప్తా, డబ్బులు పొయ్యేది ఇక్కడే.

మన దగ్గర లప్పం అంటే నూటికి తొంభై చోట్ల సంచుల్లో వచ్చే తెల్ల సిమెంటు పుట్టీ. అది ఎండటం కాదు, నీళ్లు తగిలిన క్షణం నుంచి గట్టిపడటం మొదలుపెడుద్ది. మేస్త్రీ బకెట్లో కలిపిన రెండు మూడు గంటల్లో దాన్ని అవజేస్తాడు, లేకపోతే బకెట్‌తో సహా పారేస్తాడు. దాన్ని ఎయిర్‌లెస్ పంపులో పోస్తే, పైపులో ఉన్నదీ, పిస్టన్ చుట్టూ ఉన్నదీ నువ్వు అన్నం తిని వచ్చేలోపు బిగుసుకుంటుంది. మా ఎరికలో ఒకాయన ఇట్లాగే పోశాడు. మర్నాడు పంపు విప్పితే లోపల చీమకుర్తి రాయి. సుత్తి, ఉలి పెట్టి కొట్టాల్సొచ్చింది, చివరికి పంపు భాగం మొత్తం కొత్తది వేశారు. కాబట్టి సిమెంటు పుట్టీ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, నీళ్లు కలపగానే గట్టిపడే రకం జాయింట్ ఫిల్లర్, ఈ మూడూ ఎయిర్‌లెస్‌లోకి పోకూడదు. ఎంత పెద్ద మిషన్ అయినా సరే.

పోసుకోగలిగేది డబ్బాలో తయారుగా వచ్చే యాక్రిలిక్ పుట్టీ, రెడీమిక్స్ జాయింట్ కాంపౌండ్. ఇవి నీరు ఆరితేనే ఎండుతాయి, మిషన్లో తడిగా ఉన్నంతసేపు భయం లేదు. అదీ స్ప్రేకి పనికొస్తుందని డబ్బా మీద రాసుంటేనే. దీనికి నిమిషానికి నాలుగైదు లీటర్ల మిషన్, పావంగుళం పైపు బదులు మూడు ఎనిమిదుల (3/8 అంగుళం) పైపు, గన్‌లో ఫిల్టరు తీసెయ్యడం, పంపు దగ్గరుండే మానిఫోల్డ్ ఫిల్టరు తీసెయ్యడం, పెయింటు పీల్చే గొట్టం అడుగు జాలీ తీసెయ్యడం. ఇవేవీ తియ్యకుండా పోస్తే రెండో నిమిషానికే మూసుకుపోద్ది.

అమెరికాలో డ్రైవాల్ (జిప్సం బోర్డు గోడల) పనిని 0 నుంచి 5 దాకా లెవెళ్లుగా చెప్తారు. 5 అంటే జాయింట్లు, స్క్రూ తలలు కప్పడమే కాదు, బోర్డు మొత్తం మీద పల్చటి కాంపౌండ్ పూత వెయ్యడం. అక్కడ ఇంటి గోడలే బోర్డులు కాబట్టి పెద్ద మిషన్‌తో కొట్టి వెంటనే బద్దతో లాగేస్తారు, గిట్టుబాటు అవుద్ది. మనకి గోడలు ఇటుక, సిమెంటు పూత. బోర్డు ఉండేది సీలింగులో, షాపుల్లో, ఆఫీసుల పార్టిషన్లలో. హాలు సీలింగు 200 చదరపు అడుగులకి పెద్ద మిషన్ బయటికి తీసి, మళ్లీ కడిగేలోపు మన మేస్త్రీ బద్దతో రెండు పూతలు లాగి టీ తాగుతుంటాడు. నీకున్న పనిలో లప్పం చేత్తోనే చేయించు. మిషన్‌ని పెయింటుకి పెట్టుకో.

అయితే జిప్సం సీలింగుకి మిషన్ వేరే రకంగా అక్కరకొస్తుంది. బోర్డు మీద ఉండేది కాగితం, జాయింట్ మీద ఉండేది కాంపౌండ్. రెండూ పెయింటుని ఒకే తీరున పీల్చవు. నేరుగా ఎమల్షన్ వేస్తే పగలు బాగానే ఉంటుంది, రాత్రి అంచుల్లో ఎల్‌ఈడీ పట్టీ లైటు వెయ్యగానే జాయింట్లన్నీ ఎముకల్లా తేలతాయి. ఓనరు ఫోన్ చేసేది రాత్రే. దానికి మందు, దుమ్ము బాగా తుడిచి 515తో ప్రైమరు ఒకే మందాన కొట్టి, తడి మీదే ఒక మనిషి పొడి రోలర్ తిప్పుకుంటూ రావడం. మెడ వెనక్కి వంచి సీలింగుకి రోలర్ తిప్పే బాధ తెలిసినోడికి ఈ ఒక్క పనికే మిషన్ విలువ తెలుస్తుంది.

నీ ఒంగోలు పని లెక్క వేద్దాం. వెయ్యి అడుగుల ఫ్లాటులో గోడలు, సీలింగు కలిపి సుమారు 3500 అడుగులు. లీటరుకి నూరు అడుగులు వచ్చేదనుకుంటే, 517తో ట్రిగ్గర్ నొక్కి ఉంచిన సమయం అరగంట, ముప్పావు గంట. గది మారడం, పైపు లాగడం, నిచ్చెన కలుపుకుని గంటన్నర. రోలర్‌తో ఇద్దరికి ఒకటిన్నర రోజు పని. ఇది విని సంబరపడకు. కిటికీలు, స్విచ్ బోర్డులు, తలుపు ఫ్రేములు కాగితం కట్టి టేపు వెయ్యడానికి ఇద్దరు మనుషులకి అర పూట పోద్ది. కాబట్టి బిల్డరుతో వరస ముందే మాట్లాడుకో. స్విచ్ ప్లేట్లు బిగించకముందు, తలుపులు ఎక్కించకముందు ప్రైమరు, ఫస్ట్ కోటు మిషన్‌తో అయిపోవాలి. ఫ్లోరింగ్ ఒకవేళ నల్ల గెలాక్సీ గ్రానైట్ అయితే మరీ జాగ్రత్త. మన ప్రాంతంలో అది చవగ్గా దొరుకుద్ది గనక చాలామంది అదే వేస్తారు. దాని మీద తెల్ల పెయింటు మంచులా రాలితే అందులోని చుక్కలేవో, నీ పెయింటు చుక్కలేవో తెలియక మోకాళ్ల మీద కూర్చుని బ్లేడుతో గీక్కోవాలి.

ఆఖరి కోటు సంగతి నా అభిప్రాయం వేరే. మిషన్‌తో కొట్టిన గోడ అద్దంలా ఉంటుంది, బాగుంటుంది. కానీ కరెంటు మనిషి, ప్లంబరు వచ్చి చేతులు పెట్టాక నువ్వు రోలర్‌తో టచప్ చేస్తే ఆ ముక్క వేరేగా కనపడుద్ది, రోలర్ వేసిన చోట గింజలాంటి గరుకు ఉంటుంది, స్ప్రేకి ఉండదు. అందుకే ఆఖరి కోటు కూడా మిషన్‌తో కొట్టినా తడి మీద రోలర్ తిప్పించు.

నీళ్లు కలపడంలో మన అలవాటు మార్చుకోవాలి. బ్రష్‌కి కలిపినట్టు లీటరుకి అర లీటరు నీళ్లు పోస్తే స్ప్రేలో అది గోడ పట్టుకోదు, కారుతుంది. పదో వంతుతో మొదలుపెట్టు. ప్రెషర్ కూడా తక్కువలో మొదలుపెట్టి అట్ట మీద కొట్టి చూడు. పట్టీకి రెండు అంచుల్లో తోకల్లాంటి గీతలు కనపడుతున్నంతసేపు కొంచెం కొంచెం పెంచు, తోకలు పోగానే ఆపు. అక్కడి నుంచి పైకి పెంచితే గోడకి పట్టేది పెరగదు, గాల్లోకి లేచేది పెరుగుద్ది. తక్కువ ప్రెషర్‌తోనే సన్నగా చిమ్మే టిప్‌లు ఇప్పుడు వస్తున్నాయి, కాస్త ఖరీదు, అయినా బయటి పనికి నేను అవే వాడుతున్నా.

గాలి గురించి నేను డబ్బులిచ్చి నేర్చుకున్నా. కొత్తపట్నం దగ్గర ఒక ఇంటికి బయటి గోడ లేత పిస్తా రంగు కొడుతున్నాం. పొద్దున గాలి లేదు. పన్నెండు దాటాక సముద్రం మీంచి గాలి తిరిగింది, ఇంకో గంటలో అయిపోద్దిలే అని నేను ఆపలేదు. పక్కింటి పెద్దమ్మ మిద్దె మీద చీర పరిచి మినప వడియాలు పెట్టుకునుంది. సాయంత్రం తియ్యబోతే అన్నీ ఒక వైపు పిస్తా రంగు. ఆమె తిట్టలేదు, ఒక వడియం తెచ్చి నా చేతిలో పెట్టి "తిను నాయనా" అంది. ఐదు కిలోల మినప్పప్పు, ఆ చీర ఖరీదు ఇచ్చుకున్నా. అప్పటినుంచి తీరం వైపు పనుల్లో, అది మైపాడైనా ఉలవపాడైనా, బయట గన్ పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకానే. రోహిణి కార్తెలో అయితే ఇంకా ముందే దించేస్తా. ఆ ఎండకి తుంపర గోడ చేరేలోపే ఆరిపోయి, చెయ్యి పెడితే ఇసక పట్టినట్టు గరగరలాడుద్ది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు కాబట్టి బయటి పని ఒప్పుకునేటప్పుడే తేదీలు చూసుకో.

కరెంటు. ఫ్లాట్లలో ఇబ్బంది ఉండదు గానీ, దర్శి, పొదిలి వైపు పల్లెల్లో సాయంత్రం వోల్టేజి పడిపోద్ది. సన్న వైరుతో ముప్పై మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేస్తే మోటారు మూలుగుతుంది, వైరు చేతికి వేడిగా తగులుద్ది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మూడో పిన్ను ఎర్తింగ్ నిజంగా ఉన్న 15 ఆంపియర్ల సాకెట్టు, ఇవి తప్పనిసరి. వైరు పొడవు పెంచేకంటే పెయింటు పైపు పొడవు పెంచుకోవడం మేలు.

మిషన్ బతికేది కడగడంలో. పని అయ్యాక పెయింటు బకెట్లోంచి పైపు తీసి నీళ్ల బకెట్లో పెట్టి, గొట్టంలో మిగిలింది తిరిగి పెయింటు బకెట్లోకే వదులు. 15 మీటర్ల పావంగుళం గొట్టంలో దాదాపు అర లీటరు ఉంటుంది, రోజూ పారబోస్తే నెలకి ఒక బకెట్ దండగ. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా తిప్పు. పిస్టన్ రాడ్ పైన సీల్ ఆయిల్ రోజూ నాలుగు చుక్కలు. పొద్దున పెయింటు పోసే ముందు వడకట్టు, నేను పాత నైలాన్ చీర ముక్క వాడతా. డబ్బా మూత కింద కట్టిన పెయింటు పొర చిన్న ముక్క పడినా టిప్ మూసుకుపోద్ది.

మూసుకుపోయినప్పుడే ప్రమాదం. దీన్ని మీ వాళ్లందరికీ కూర్చోబెట్టి చెప్పు. కారు టైరులో గాలి 30, 35 పీఎస్‌ఐ. నీ గన్ చివర దానికి వంద రెట్లు. మా దగ్గర ఒక కుర్రాడు టిప్‌కి అంటిన పెయింటుని వేలితో తుడవబోయాడు, ట్రిగ్గర్‌కి లాక్ వెయ్యలేదు. చూపుడు వేలు కొసన తుమ్మముల్లు గుచ్చుకున్నంత చుక్క, రక్తం కూడా రాలేదు. వాడే నవ్వి పని చేసుకోబోయాడు. గంటకి వేలు ఉబ్బి తెల్లబడింది. నెల్లూరు తీసుకుపోతే ఆ రాత్రే ఆపరేషన్ చేసి, అరచేతి దాకా కోసి లోపలి పెయింటు కడిగారు. వేలు దక్కింది గానీ ఇప్పటికీ పూర్తిగా ముడవదు. కాబట్టి టిప్ ముట్టుకునే ముందు మోటారు ఆపు, ప్రైమ్ వాల్వ్ తిప్పి ప్రెషర్ దించు, గన్‌ని బకెట్లోకి నొక్కి చూడు, లాక్ వెయ్యి. టిప్ గార్డ్ ఎప్పుడూ తియ్యొద్దు. ఎవరికైనా గుచ్చుకుంటే ఎంత చిన్న గాయమైనా ఆసుపత్రికే, అక్కడ "ముల్లు గుచ్చుకుంది" అనకుండా "ప్రెషర్ పెయింటు లోపలికి పోయింది" అని చెప్పి డబ్బా కూడా చూపించండి. ఎనామిలు, థిన్నరు కొట్టే రోజు కిటికీలు తెరిచి, మంట, బీడీ లేకుండా, థిన్నరుతో కడిగేటప్పుడు ప్లాస్టిక్ బకెట్ కాకుండా ఇనప డబ్బా నేల మీద పెట్టి, గన్ దాని అంచుకి ఆనించి వదలాలి. స్టాటిక్ నిప్పురవ్వ కంటికి కనపడదు.

ఇక ఏది కొనాలి. గ్రాకో, వాగ్నర్, టైటాన్ పేర్లు నువ్వు వినే ఉంటావు, మంచివే, రేటూ అలాగే ఉంటుంది. చైనా మిషన్లు అందులో సగానికి, ఇంకా తక్కువకీ వస్తాయి. చైనావన్నీ చెత్త అనను. నా రెండో మిషన్ అదే, ఇంకా నడుస్తోంది. కానీ కొనేముందు షాపతన్ని మూడు సంగతులు అడుగు. దీని సీల్ కిట్ (పంపు లీకు కాకుండా ఆపే సీళ్ల సెట్టు) ఇప్పుడు నీ అరలో ఉందా, ఉంటే తీసి చూపించు. ఇన్‌లెట్ వాల్వ్, పిస్టన్ రాడ్ విడిగా దొరుకుతాయా. రిపేరు నువ్వే చేస్తావా, చెన్నై పంపిస్తావా. నా మొదటి మిషన్ సీల్ పోయి చెన్నై పోయి వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ మనుషులకి కూలి ఇచ్చి మళ్లీ రోలర్ పట్టించా. అరలో సీల్ కిట్ ఉన్న షాపులోని మామూలు మిషన్, కిట్ లేని షాపులోని గొప్ప మిషన్ కంటే నీకు ఎక్కువ రోజులు పని చేసి పెడుద్ది.

నీ 40 ఫ్లాట్లకి నేనైతే నిమిషానికి రెండు, రెండున్నర లీటర్ల మధ్య, గరిష్ఠ టిప్ 0.021 లేదా 0.023 ఉన్న కరెంటు పిస్టన్ మిషన్ ఒకటి, 30 మీటర్ల పైపు, 515 ఒకటి, 517లు నాలుగు, 311 ఒకటి, సీల్ కిట్ ఒకటి అదనంగా తీసుకుంటా. షాపులోనే నీళ్లు పోసి నడిపించి చూడు. ట్రిగ్గర్ వదిలాక మోటారు ఆగి నిశ్శబ్దంగా ఉండాలి. ఎవరూ నొక్కకుండానే అప్పుడప్పుడూ టక్ టక్ అని కొట్టుకుంటుంటే వాల్వ్ పట్టడం లేదని లెక్క, ఆ పీసు వద్దను.

కొనకముందు ఒకసారి గన్ పట్టి చూడాలనుంటే ఇక్కడే మెసేజ్ పెట్టు. ఈ నెలంతా సింగరాయకొండ దగ్గర ఫంక్షన్ హాలు సీలింగు చేస్తున్నాం. పొద్దున్నే రా, పాత చొక్కా వేసుకుని రా.